మగ్దలీనమ్మ చూసిన నలుసు

మా ఆసుపత్రి యాభై ఏళ్ళ పండుగకు ఈ ఏడు ఒక సావనీరు వేశారు. అందులో మగ్దలీనమ్మ గురించి రెండే ముక్కలున్నాయి. "వినయశీలి. ల్యాబులో నలభై ఏళ్ళు నిశ్శబ్దంగా సేవ చేసిన సోదరి." ఇది రాసినవాడెవడో గానీ ఆమెను ఒక్క రోజు కూడా చూసి ఉండడు. వినయం ఆమెలో ఆవగింజంత లేదు. ఇక నిశ్శబ్దం సంగతి అడగనే అక్కర్లేదు. ఆమె ల్యాబులో గొంతు విప్పిందంటే పక్కన మందుల గదిలో హెబ్రోను గారు కిటికీ రెక్క మూసుకునేవాడు. అదే సావనీరులో నా గురించి కూడా ఒక ముక్క రాశారు. అదేమిటో చివర చెప్తాను. అది చదివాక కడుపు మండి ఈ కాగితాలు ముందేసుకున్నాను.

నా పేరు జయశీల. ఆ ఆసుపత్రిలో హెడ్డు నర్సుగా పనిచేశాను. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే సరుగుడు తోటల పక్కన నలభై మంచాల మిషను ఆసుపత్రి అది. పేరు రాయను. రాస్తే ముగ్గురు నలుగురు నాతో మాట్లాడటం మానేస్తారు. అదేమంత నష్టం కాదు గానీ, మానేసే ముందు ఒక్కొక్కరు పది పేజీల ఉత్తరం రాస్తారు.

మగ్దలీనమ్మది మనుబోలు. చిన్నతనంలో తల్లి వెంట గూడూరు వైపు అభ్రకం షెడ్డుకు పోయి, చిన్న కత్తితో పలకలను పొరలుగా చీల్చేది. చీల్చిన పొరను వెలుతురుకు పట్టి చూడాలి. మచ్చ ఉంటే ఒక గంపలో వెయ్యాలి, లేకపోతే ఇంకో గంపలో. తొమ్మిదేళ్ళ పిల్ల చూసి వేసిన గంపను మేస్త్రీ మళ్ళీ చూడాల్సిన పని ఉండేది కాదట. ఆ కన్నును మా దొరసాని డాక్టరమ్మ కనిపెట్టింది. మిషను బడిలో ఎనిమిదో తరగతి అయ్యాక ల్యాబుకు తెచ్చుకుని మైక్రోస్కోపు చూడటం నేర్పింది. దొరసాని సొంత దేశం పోతూ ఇత్తడి మైక్రోస్కోపునూ, మగ్దలీనమ్మనూ మాకు వదిలిపెట్టి పోయింది. రెంటిలో దేని విలువా మావాళ్ళకు తెలియలేదు. మైక్రోస్కోపుకైనా ఒక గుడ్డ కప్పేవాళ్ళు.

ఆమెకు సర్టిఫికెట్ లేదు. మందుల గది చూసే హెబ్రోను గారికి ఉంది. మద్రాసులో రెండేళ్ళుండి తెచ్చుకున్న ఆ కాగితానికి అద్దం బిగించి, తలుపు తీయగానే కనబడేటట్టు గోడకు కొట్టించాడు. దగ్గు మందుకు వచ్చిన మనిషి మొదట ఆ అద్దంలో తన మొహం చూసుకుని, తర్వాత దగ్గాలి. మగ్దలీనమ్మ కఫంలో క్షయ పురుగులున్నాయని చెప్తే అది 'ఆమె మాట'. ఆయన పిప్పరమెంటు నీళ్ళలో పిప్పరమెంటు ఉందని చెప్తే అది 'రిపోర్టు'.

ఇక నా గొప్ప కూడా చెప్పుకోవాలి. నాకు గంజి పిచ్చి. నాకేమిటి, మా మిషను మొత్తానికీ అదే పిచ్చి. గంజి పెట్టని గుడ్డ మాకు ఉతకని గుడ్డ కిందే లెక్క. ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఎవరి పైట ఎంత గరగరలాడితే వాళ్ళ భక్తి అంత గట్టిదని అనుకునేవాళ్ళం. ఆసుపత్రి వంటింట్లో మొలగొలుకుల అన్నం వార్చిన గంజి, చిక్కగా, బానెడు మిగిలేది. నర్సుల టోపీలు, ఏప్రాన్లు, డాక్టరు గారి కోటు, మంచాల మధ్య తెరలు, అన్నీ ఆ గంజిలో మునిగి తేలి కర్రల్లాగా నిలబడేవి.

అరవై నాలుగులో, ఆగస్టు నెల అనుకుంటాను, మిషను బోర్డు పెద్దలు ఆసుపత్రి చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. నాకిక కాళ్ళు నేల మీద నిలవలేదు. బీరువాలు ఖాళీ చేయించి గుడ్డలన్నీ చాకలి హజరత్తయ్య ముందు కుప్పపోశాను. అతను ఆ కుప్పలోంచి నాలుగు మడతల మల్లు గుడ్డలు కొన్ని తీసి పక్కన పెట్టాడు.

"ఇయ్యి సెలైను వడకట్టే గుడ్డలు గదమ్మా. వీటికి గూడా గంజి పెట్టాల్నా?" అని అడిగాడు.

"అన్నిటికీ అన్నాను గదా హజరత్తయ్యా" అన్నాను.

ఈ మాట మీరు గుర్తు పెట్టుకోండి. నేను మాత్రం ఆ క్షణమే మరిచిపోయాను.

పెద్దలు వచ్చారు. లేత కొబ్బరినీళ్ళు తాగారు. తెరలను వేలితో మీటి చూసి, "ఎంత శుభ్రం" అన్నారు. వెళ్ళిపోయారు. మరుగుదొడ్డి వైపు ఒక్కరూ పోలేదు.

ఆ రోజుల్లో సెలైను సీసాలు మేమే తయారుచేసుకునేవాళ్ళం. నీళ్ళను ఆవిరి చేసి చల్లార్చి పట్టుకోవడం, లెక్క ప్రకారం ఉప్పు కలపడం, గరాటులో దూది, దాని మీద మల్లు గుడ్డ వేసి వడకట్టడం హెబ్రోను గారి పని. సీసాలు కడగడం పెంచలమ్మ పని. నింపి, రబ్బరు మూత బిగించి, ఆవిరి డ్రమ్ములో ఉడికించి చల్లారబెట్టేవాళ్ళు. పెంచలమ్మది పక్కనున్న పట్టపుపాలెం, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లె. మొగుడు పడవ తిరగబడి పోయాక ఈ పనిలో చేరింది. తొమ్మిదేళ్ళుగా ఇద్దరు ఆడపిల్లల తిండి ఆ సీసాల మీదే. ఒక్కో సీసాను పదిసార్లు జాడించాలని దొరసాని చెప్పి పోయింది. ఆమె పైకి లెక్కపెడుతూ జాడించేది. ఎనిమిదో సారికి "ఇంక చాల్లే" అని నేనంటే, "పది చెప్పినారు గదమ్మా" అనేది.

పెద్దలు వెళ్ళిన తర్వాతి వారం వాంతులూ విరేచనాలతో వచ్చిన ఇద్దరికి కొత్త సీసాలు ఎక్కించాం. ఇద్దరికీ మంచం అదిరేటట్టు చలి పట్టుకుంది. దేవుడి దయ, ఇద్దరూ బతికారు. మిగతా సీసాలను నల్ల పలక ముందు బల్బు వెలుగులో పెట్టి చూస్తే అన్నిట్లోనూ తెల్లటి నలుసులు. మా సూపర్నెంటు డాక్టర్ క్రీస్తురాజు గారు మొహం మాడ్చుకుని హెబ్రోను గారి వైపు చూశాడు. హెబ్రోను గారు సీసాను ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, ఇంకో కంటితో చూశాడు. ఆయన చేసిన పరీక్ష మొత్తం అంతే.

"ఇసుక సార్. సముద్రపు ఇసుక. ఆ పెంచలమ్మ కాళ్ళకు అంటుకోని లోపలికొస్తా ఉంది."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. డాక్టరు గారు తలాడించాడు. నేనూ ఆడించాను. పట్టపుపాలెం మనిషి, రోజూ ఇసకలో నడిచొచ్చే మనిషి, ఇక వేరే రుజువెందుకు? ఆమెను వరండాలోకి పిలిచి, మర్నాటి నుంచి రావద్దని హెబ్రోను గారు చెప్పేశాడు.

"కాళ్ళు కడుక్కోనే గదయ్యా లోపలికొచ్చేది. మీరు దినామూ చూస్తా ఉంటారు గదా" అంది పెంచలమ్మ.

ఆమె నా వైపు చూసింది. నేను ఏప్రాను అంచు సర్దుకున్నాను. గంజి పెట్టింది గదా, సర్దుకోవడానికి బాగా వీలుగా ఉండింది.

ఆ కబురు ల్యాబుకు చేరిన కాసేపటికి మగ్దలీనమ్మ మందుల గదిలోకి వచ్చింది. ఒక సీసా తీసుకుని తలకిందులు చేసి, వెలుతురుకు పట్టి చూసింది.

"హెబ్రోను గారూ, ఇసక యాడన్నా తేలతాదా?"

"ఇది బాగా సన్నటి ఇసుక మగ్దలీనమ్మా. నీకు తెలవదు."

"నిజమేలెండి, నాకు తెలవదు. మా ఊరి ఇసకైతే మునిగేది. ఇది మద్రాసులో చదువుకున్న ఇసకేమో" అని, మూడు సీసాలు చంకన పెట్టుకుని, అడక్కుండానే తీసుకుపోయింది.

తర్వాత రెండు రోజులు ఆమె ఏం చేసిందో నాకు మూడో రోజు తెలిసింది. సీసాలను రాత్రంతా కదపకుండా నిలబెట్టి, నలుసులు మెల్లగా కిందికి జారాక అడుగు నీళ్ళను సన్న గొట్టంతో లాగి, మూత్రం పరీక్షకు వాడే చేతి సెంట్రిఫ్యూజులో పోసి గిరగిరా తిప్పింది. అట్లా అడుగుకు దిగిన నలుసులను గాజు పలక మీద పెట్టుకుంది. అంతటితో ఆగలేదు. నలుసు ఎక్కడెక్కడి నుంచి రావచ్చో అవన్నీ పోగుచేసింది. పెంచలమ్మ ఇంటికి పోయి, ఆమె వాకిట్లో ఇసక ఆమె చేతనే పిడికెడు తెప్పించుకుంది. మూత రబ్బరును గోటితో గీకింది. మూతి పెచ్చు లేచిన సీసా నుంచి గాజు పొడి తీసింది. దూది పోగు లాగింది. పెట్టెలో దాచుకున్న చిన్నప్పటి అభ్రకం పెచ్చు కూడా తీసింది. ఒక్కోదానికీ ఒక్కో గాజు పలక. ఇదంతా సర్టిఫికెట్ లేని మనిషి చేసింది. సర్టిఫికెట్ ఉన్నాయన ఒక కన్ను మూసుకున్నాడని ఇందాకే చెప్పాను.

మూడో రోజు మధ్యాహ్నం నన్ను ల్యాబుకు పిలిచింది.

"ఇట్టా కూర్చోండక్కా. ముందు దీన్ని చూడండి."

మైక్రోస్కోపు కింద అద్దాన్ని కిటికీ వైపు తిప్పింది. చూస్తే రాళ్ళు. మూలలు తేలి, నల్లటి అంచులతో పెద్ద పెద్ద రాళ్ళు. "అది పెంచలమ్మ వాకిట్లో ఇసక" అంది. పలక మార్చింది. పొర మీద పొరగా పలచటి రేకులు. "అది అభ్రకం." మళ్ళీ మార్చింది. మెలికలు తిరిగిన పట్టీ. "దూది. ఇప్పుడు సీసాలోది చూడండి."

దానికి మూలా లేదు, గట్టి అంచూ లేదు. ఉబ్బి, చిరిగి, పాల మీద తరక ముక్కల్లాగా మెత్తగా ఉంది. నేను చూస్తుండగానే, పురుగు గుడ్ల పరీక్షకు వాడే అయోడిన్ ఒక చుక్క గాజు అంచున వేసి, అవతలి అంచున అద్దుడు కాగితం ఆనించింది. పసుపు నీళ్ళు లోపలికి పాకాయి. అవి తగిలిన ప్రతి నలుసూ నీలంగా మారిపోయింది.

"గంజి" అంది మగ్దలీనమ్మ.

ఆమె ఇంకో పలక పెట్టింది. అవే తరకలు, అదే నీలం.

"ఇది మీ బీరువాలో మడత పెట్టుండే వడకట్టే గుడ్డను జాడించిన నీళ్ళు. నా దగ్గర పాత గుడ్డ ఒకటుంటే దాన్ని గూడా జాడించి చూసినా. అందులో ఏమీ లేదు."

అప్పుడు గుర్తొచ్చింది. 'అన్నిటికీ అన్నాను గదా హజరత్తయ్యా.' నా గొంతే, నా చెవిలోనే. కళ్ళు మైక్రోస్కోపు మీది నుంచి ఎత్తడానికి భయపడి, చూడాల్సిందేమీ లేకపోయినా అట్లాగే చూస్తూ కూర్చున్నాను.

"నలుసేందో ఇది చెప్తాది అక్కా. ఎవురు వేసినారో చెప్పదు. అది మనుషులు చెప్పుకోవాల" అంది ఆమె, నా వైపు చూడకుండా పలకలు కడుక్కుంటూ.

వార్డులో పనుందని లేచి వచ్చేశాను. ఆ తర్వాత నాలుగు రోజులు తేలు కుట్టిన దొంగలాగా తిరిగాను. ప్రార్థన మాత్రం చేశాను. మా వాళ్ళకు అదొక సుఖం. మనిషికి చెప్పాల్సిన మాట దేవుడికి చెప్పేసి, చెప్పాం గదా అని పడుకోవచ్చు. పెంచలమ్మ రోజూ పొద్దున్నే వచ్చి గేటు బయట నిలబడేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. గేటు పక్క కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని మరీ నిలబడేది. తడి కాళ్ళతో ఆమె, గరగరలాడే టోపీతో నేను. ఆమెను దాటుకుని లోపలికి పోయేదాన్ని.

శనివారం నాడు డాక్టరు గారి గదిలో కూర్చున్నాం. ఆయన, హెబ్రోను గారు, నేను. మగ్దలీనమ్మ మైక్రోస్కోపును చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టింది. డాక్టరు గారు చూసి "నీలమే" అన్నాడు. హెబ్రోను గారు చూడలేదు. చూస్తే ఏముందో ఒప్పుకోవాలి గదా.

"నీలం కనబడితే గంజేనా సార్? చాకలోడి నీలిమందు గావొచ్చు, సిరా గావొచ్చు" అన్నాడు.

మగ్దలీనమ్మ గుడ్డ జాడించిన నీళ్ళు పరీక్ష గొట్టంలో పోసి అయోడిన్ చుక్క వేసింది. గొట్టం నిండా నీలం. దాన్ని స్పిరిటు దీపం మీద పట్టుకుంది. నీళ్ళు కాగేకొద్దీ నీలం పలచబడి, చివరికి పూర్తిగా పోయింది.

హెబ్రోను గారు నవ్వాడు. "పోయింది సార్. ఈమె గంజి ఆవిరైపోయింది."

ఆమె ఆ గొట్టాన్ని డాక్టరు గారి కుండలోని చల్లటి నీళ్ళ గ్లాసులో దించి, చేతులు కట్టుకుని నిలబడింది. ముగ్గురం గ్లాసు వైపే చూస్తున్నాం. అడుగున ముందు కొద్దిగా మసక, తర్వాత నీలం, ఆ తర్వాత గొట్టమంతా మళ్ళీ మొదటి రంగు.

"నీలిమందైతే కాచినా పోదు. సిరా పోతే మళ్ళా రాదు. ఇట్టా పోయొచ్చేది గంజే" అంది.

"ఎక్కడిదీ గంజి?" అన్నాడు డాక్టరు గారు.

"వడకట్టిన గుడ్డది."

హెబ్రోను గారి నవ్వు ఆగింది గానీ బుద్ధి ఆగలేదు. "అయితే చాకలోడి పనే. హజరత్తయ్యను గూడా తీసేద్దాం సార్. పెంచలమ్మ జాగాలోకి వేరే మనిషిని చూసేసినాం. ఆమెను మళ్ళా పిలిస్తే మన మాట పోతాది."

ఆ గుడ్డను గరాటులో పరిచింది తన చేతులే. గంజి గుడ్డేదో, ఉత్త గుడ్డేదో తాకగానే తెలియాల్సిన చేతులు. ఆ సంగతి ఆయనకు తోచనే లేదు. మా పెద్దమనుషుల వేలికి ఒక గుణముంది. ఎటు తిరిగినా తనకంటే చిన్నవాణ్ణే చూపిస్తుంది. వారంలో ఇద్దరి పొట్ట కొట్టడానికి దానికి రెండు నిమిషాలు చాలు.

మగ్దలీనమ్మ తల వంచుకుని కటకాన్ని గుడ్డతో తుడుస్తోంది. అది అప్పటికే తళతళలాడుతోంది. అయినా తుడుస్తోంది.

"హజరత్తయ్య అడిగినాడు సార్" అన్నాను. "వడకట్టే గుడ్డలకి గూడా పెట్టాల్నా అని అడిగినాడు. నేనే అన్నిటికీ పెట్టమన్నా. ఇది నేను చేసిన తప్పు."

ఆ తర్వాత జరిగినదానికే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇలా ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో సిస్టర్ గారిని చూసి అందరూ నేర్చుకోవాలన్నాడు. అందరినీ నిలబెట్టి నా సత్యం కోసం దేవుడికి స్తోత్రం చెప్పాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది హెబ్రోను గారే. హజరత్తయ్యను తీసేసే మాట వదిలేసి, పెంచలమ్మను సోమవారం నుంచి రమ్మనమన్నారు. తర్వాత కాఫీ తెప్పించారు. నేను తాగాను.

బయటికి వచ్చాక మగ్దలీనమ్మను అడిగాను, నేను చెప్పకపోతే ఏం చేసేదానివని.

"ఇంకొక్క నిమిషం చూసి నేనే చెప్పుండేదాన్ని. నేను చెప్పుంటే మీ పరువు పొయ్యుండేది. మీరు చెప్పినారు గాబట్టి పెరిగింది. నాకు రెండూ ఒకటే. ఆ మనిషి గేటు లోపలికి రావాల, అంతే" అంది.

ఆ సాయంత్రమే ల్యాబు రిజిస్టరులో పెద్ద అక్షరాలతో రాసింది: 'సెలైను సీసాల్లో నలుసు వరి గంజి. ఇసక కాదు. పెంచలమ్మ తప్పు లేదు.' రిజిస్టరులో పేర్లెందుకు, ఆ చివరి ముక్క కొట్టెయ్యమన్నాడు హెబ్రోను గారు. "మీరే కొట్టి, పక్కన సంతకం పెట్టండి" అని కలం ఆయన చేతికిచ్చింది. ఆయన కలం అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ముక్క ఇంకా ఉంది. సావనీరు రాసినవాడు దాన్ని తిరగేసి ఉంటే 'వినయశీలి' అని రాసే సాహసం చేసేవాడు కాదు.

కిందటేడు మగ్దలీనమ్మ పని విరమించి, ఇప్పుడు మనుబోలులో తమ్ముడి ఇంట్లో ఉంటోంది. కళ్ళకు పొర వచ్చింది. మొన్న వెళ్ళి సావనీరు చదివి వినిపించాను. "వినయమా? నాకా? ఎవురి ముందర?" అని పడీ పడీ నవ్వింది. తర్వాత, "పెంచలమ్మ గురించి ఏం రాసినారు?" అని అడిగింది. పేజీలన్నీ తిప్పాను. ఏమీ రాయలేదు. నా గురించి మాత్రం, బొమ్మ వేసి మరీ, 'సత్యసంధురాలు' అని రాశారు.

ఇక ఆనాటి మాట ఒకటి మిగిలింది. పెంచలమ్మ ఆ సోమవారం నాడు పనిలోకి వచ్చింది. "ఈసారికి క్షమించినాం" అని హెబ్రోను గారు చెప్తే, "నేనేం చేసినాననయ్యా చెమించేదానికి?" అని అడిగిందట. ఆయనకు మందుల గదిలో ఏదో అర్జెంటు పని తగిలింది. నేను తొట్టి దగ్గరికి పోయి, అంతా నా వల్లే జరిగిందని ఆమెతో చెప్పాను. సీసా జాడిస్తూ విన్నది. ఏడు, ఎనిమిది అని లెక్క ఆపకుండానే విన్నది. పది అయ్యాక సీసాను బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆమె మొహంలో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"అయితే మిమ్మల్ని ఎన్ని దినాలు రావద్దన్నారమ్మా?"

ఆమె గేటు బయట నిలబడ్డ ఆ వారమంతా నేను ఒక్క పూట కూడా పని మానలేదు.